జవాబు గింజ చెబుతుంది



పిల్లల చదువుల గురించి మనం చాలా మాట్లాడుకుంటూ వుంటాం. ఏ బడి మంచిది, ఫీజులెంత, మార్కులెన్ని వచ్చాయి, ట్యూషన్ పెట్టించాలా వద్దా - ఇద్దరు తల్లులు కలిస్తే సగం మాటలు ఇవే గదా! ఈ పూట ట్యూషన్లతోనూ మార్కులతోనూ పని లేని చదువు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. దీనికి కావలసిన సామానంతా మీ వంటింట్లోనే వుంది. పంతులమ్మగారూ వంటింట్లోనే వున్నారు. ఆవిడ మీరే.

ముందు ఒక చిన్న పని చేసి చూడండి. నాలుగో తరగతో, అయిదో తరగతో చదువుతున్న మీ అబ్బాయినో అమ్మాయినో పిలిచి, "గింజ మొలకెత్తాలంటే ఏమేం కావాలి?" అని అడగండి. "నీరు, గాలి, తగిన వేడి" అని గడగడా అప్పజెబుతారు. వెంటనే ఇంకో ప్రశ్న వెయ్యండి. "మన డబ్బాల్లో పెసలున్నాయి, పెసరపప్పూ వుంది. రెండూ తడిపి మూటగడితే రెండూ మొలుస్తాయా?" అప్పుడు చూడండి, అంత గడగడా చెప్పినవాళ్ళూ మీ ముఖంకేసి చూస్తారు. పాఠం నోటికి వచ్చింది గాని, గింజతో పరిచయం లేదు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. గింజను చేతికిచ్చి చూడమన్నవాళ్ళు లేరు, అంతే.

2020లో కరోనా వచ్చి బడులు మూతబడ్డప్పుడు మన ఇళ్ళే బడులయ్యాయి. ఫోను ముందు పిల్లల్ని కూర్చోబెట్టి, పక్కన తల్లులూ కూర్చున్నారు. "నాకు ఇంగ్లీషు అంతగా రాదు, సైన్సు ఎప్పుడో మరిచిపోయాను, నేనేం చెప్పగలనండీ?" అన్న మాట అప్పుడు ఇంటింటా వినిపించింది. బడులు మళ్ళీ తెరిచారు. కాని ఆ మాట మాత్రం మన నోటినుంచి పోలేదు. ఈ చదువులో ఆ బెంగ అక్కర్లేదు. పిల్లల్ని బడికి పంపేవారికైనా, ఇంటి దగ్గరే చదివించుకునేవారికైనా ఇది ఒకే విధంగా పనికొస్తుంది. ఎందుకంటే ఇందులో జవాబు చెప్పవలసింది తల్లి కాదు. జవాబు గింజ చెబుతుంది. తల్లి చేయవలసినవి రెండే పనులు: ప్రశ్న అడగడం, ఓపిగ్గా ఆగడం. రెండోదే కొంచెం కష్టం సుమండీ!

మొదటి ప్రయోగం పెసలతోనే మొదలుపెట్టండి. మూడు జతలు సిద్ధం చేసుకోండి. పెసలూ పెసరపప్పూ ఒక జత. పచ్చి వేరుశనగ గింజలూ వేయించినవీ ఒక జత. వడ్లు దొరికితే వడ్లూ బియ్యమూ మూడో జత. ఒక్కొక్క రకంలో పదేసి గింజలు లెక్కపెట్టి, ఒక పూట నానబెట్టి, తడి గుడ్డలో విడివిడిగా ఉంచాలి. మూట కట్టకముందే పిల్లలచేత ఒక నోటుపుస్తకంలో రాయించండి: ఏవి మొలుస్తాయనుకుంటున్నావు, ఏవి మొలవవనుకుంటున్నావు? ముందుగా అనుకున్నది రాసి పెట్టుకోవడం చాలా ముఖ్యం. తర్వాత "నాకు ముందే తెలుసు" అనడానికి వీలుండదు.

రెండో రోజుకి పెసలు తెల్లని ముక్కులు బయటపెడతాయి. పప్పు మాత్రం మెత్తబడి పులిసిపోతుంది. వేయించిన వేరుశనగ అలాగే వుండిపోతుంది. పచ్చిది రెండు మూడు రోజుల్లో కదులుతుంది. వడ్లు ఇంకో రోజో రెండు రోజులో ఎక్కువ తీసుకుంటాయి. బియ్యం ఎన్నాళ్ళున్నా బియ్యమే. మరి ఎందువల్ల? వెంటనే చెప్పెయ్యకండి. నానిన పచ్చి వేరుశనగ గింజ ఒకటి పిల్లల చేతికిచ్చి, మెల్లిగా రెండు బద్దలు చెయ్యమనండి. కొసన, బద్దల నడుమ, చిన్న పక్షి ముక్కులాంటిది కనిపిస్తుంది. అదే పిల్లమొక్క. చుట్టూ వున్న బద్దలు దానికి తల్లి కట్టిచ్చిన చద్దిమూట. పెసలు పప్పుగా పగలగొట్టేటప్పుడు ఆ ముక్కు రాలిపోతుంది, లేదా చితికిపోతుంది. బియ్యంలోనూ అంతే. మరపట్టి తెల్లగా చేసేటప్పుడు కొసనున్న పిల్లమొక్క తవుడుతోపాటు పోతుంది. వేయించిన వేరుశనగలో ముక్కు వున్నచోటే వుంది, కాని వేడికి చచ్చిపోయింది. ఇన్ని సంగతులు పిల్లలు తమ చేత్తో విప్పి తెలుసుకున్నాక ఇక మరిచిపోవడమంటూ వుండదు.

మన పెద్దవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. పెళ్ళిలో పాలికల్లో నవధాన్యాలు పోసేటప్పుడు కందులూ పెసలూ పోస్తారు గాని, కందిపప్పూ పెసరపప్పూ పొయ్యరు గదా! ఈసారి పెళ్ళికి వెళ్ళినప్పుడు పిల్లలకు ఆ పాలికలు చూపించి, "ఇందులో పప్పు ఎందుకు లేదు?" అని అడగండి.

రెండో ప్రయోగానికి అయిదు గ్లాసులు కావాలి. అన్నింటిలోనూ అడుగున దూది, మీద పదేసి పెసలు. మొదటి దాంట్లో నీళ్ళు పొయ్యకూడదు. రెండో దాంట్లో దూది తడిసేటంత నీరు. మూడో దాంట్లో కాచి చల్లార్చిన నీళ్ళు గింజలు బాగా మునిగేటట్టు పోసి, పైన ఒక చెంచా నూనె వెయ్యాలి. కాచినప్పుడు నీళ్ళలో వున్న గాలి చాలామటుకు పోతుంది, నూనె మళ్ళీ గాలి చొరబడకుండా అడ్డుకుంటుంది. నాలుగో దాన్ని రెండోదానిలాగే తడిపి ఫ్రిజ్‌లో పెట్టండి. అయిదో దాన్నీ అలాగే తడిపి, చీకటి అలమారులో పెట్టి తలుపు వెయ్యండి. మొదటి మూడూ, ఎండ నేరుగా పడని చోట, వంటింటి గట్టు మీద వుంచితే చాలు. రెండో గ్లాసుకీ మిగిలిన ప్రతి గ్లాసుకీ తేడా ఒక్కటే వుండాలి. రెండు తేడాలుంటే దేనివల్ల ఏం జరిగిందో తేలదు. ఈ ఒక్క సూత్రం పిల్లలకు పట్టుబడితే సగం సైన్సు వచ్చినట్టే.

అలమారు గ్లాసు దగ్గర పిల్లలు చాలామంది పొరబడతారు. "ఎండ లేకపోతే మొలవదమ్మా" అంటారు. తలుపు తీసి చూసేసరికి పెసలు మొలిచి వుంటాయి! నాలుగు రోజులు పోయాక చూస్తే, వెలుతురులో వున్న మొలకలకంటే అలమారులోవే పొడుగ్గా వుంటాయి, కాని పాలిపోయి, పసుపుపచ్చగా, నిలబడలేకుండా వుంటాయి. పెసరగింజకు మొలవడానికి వెలుగు అక్కర్లేదు, చద్దిమూట దగ్గరే వుంది గనుక. ఆ మూట అయిపోయాక బతకడానికే వెలుగు కావాలి. వెలుగును వెతుక్కుంటూ అలా సాగిపోయింది. ఆ గ్లాసు తెచ్చి కిటికీలో పెట్టి, ఒక రోజులో ఆకులు పచ్చబడటం కూడా చూపించండి.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. మునిగిన గ్లాసులో ఒకటో రెండో గింజలు పగిలి, చిన్న ముక్కు చూపించి ఆగిపోవచ్చు. "అమ్మా, గాలి లేకపోతే మొలవవని పుస్తకంలో వుంది. ఇవి కాస్త మొలిచాయే, ఏం రాయను?" అని మీ అమ్మాయి వస్తుంది. ఇక్కడే మన పరీక్ష! "పుస్తకంలో వున్నట్టే రాసెయ్యి, మార్కులు పోతాయి" అన్నామనుకోండి, కళ్ళతో చూసినదాన్ని కొట్టివేసి, ఎవరో చెప్పినదాన్ని రాయడం మనమే నేర్పినవాళ్ళమవుతాం. అది ఒక్క పెసరగింజతో ఆగదు. రేపు పెద్దయ్యాక ఎవరేది చెబితే అది నమ్మే అలవాటవుతుంది. అలా కాకుండా, "ఏం చూశావో అదే రాయి. పదిలో రెండు పగిలి ఆగిపోయాయి అని రాయి. ఎందుకయి వుంటుందో ఆలోచిద్దాం" అనండి. కాచినా నీళ్ళలో కాస్త గాలి మిగిలే వుంటుంది, పొయ్యడానికి ముందే గింజలో కొంత గాలి వుంటుంది. ఆ కాస్త గాలితో గింజ మొదలుపెట్టింది, చాలక ఆగిపోయింది. పుస్తకం చెప్పింది నిజమే, పిల్ల చూసిందీ నిజమే. రెండూ కలిస్తే అర్థమయింది.

అందుకనే మరో మాట. మొలక ఎండిపోయిందనో, బూజు పట్టిందనో, రాత్రికి రాత్రి పిల్లలకు తెలియకుండా కొత్త గింజ పెట్టకండి. బూజు పట్టిన గ్లాసుకీ పట్టని గ్లాసుకీ తేడా ఏమిటో వెతకమనండి. బూజుదాన్ని ముక్కు దగ్గర పెట్టుకోకుండా, దూరంనుంచి చూసి పారెయ్యమనండి. చెడిపోయిన ప్రయోగం కూడా చదువే.

మూడోది మరీ తమాషాగా వుంటుంది. గాజుగ్లాసు లోపల గోడకు ఆనేటట్టు నాలుగు మడతల తడికాగితం చుట్టి, కాగితానికీ గాజుకీ మధ్య బొబ్బర్లు నాలుగయిదు ఇరికించండి. అడుగున కొద్దిగా నీళ్ళు వుంటే కాగితం తడి ఆరదు. మూడు నాలుగు రోజుల్లో వేరు కిందికి, మొలక పైకి రావడం గాజులోంచి కనిపిస్తుంది. వేరు అంగుళం పొడవయ్యాక నీళ్ళు వంపేసి, గ్లాసును అడ్డంగా పడుకోబెట్టి, అలమారులో పెట్టండి. కాగితం ఆరకుండా అప్పుడప్పుడు నీళ్ళు చల్లుతూ వుండండి. ఒకటి రెండు రోజుల్లో వేరు కొస మళ్ళీ నేలవైపు వంగుతుంది. చీకట్లో వుంది గనుక వెలుగును చూసి వంగింది అనడానికి లేదు. భూమి లాగే దిక్కును వేరు కనిపెడుతుందన్నమాట.

మొలక మాత్రం వెలుగును కనిపెడుతుంది. కొత్త బూట్లు కొన్న అట్టపెట్టె ఒకటి తీసుకుని, ఒక పక్క రూపాయి కాసంత కన్నం చెయ్యండి. లోపల రెండంగుళాలు మొలిచిన గోధుమగడ్డి కప్పు పెట్టి మూత వేసి, కన్నం కిటికీవైపు వుండేటట్టు పెట్టండి. పొద్దున పెడితే సాయంత్రానికి మొలకలన్నీ కన్నంకేసి తలలు వంచి వుంటాయి. ఛార్లెస్ డార్విన్ కొడుకు ఫ్రాన్సిస్‌తో కలిసి చేసి, 1880లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇలాంటిదే ఒకటుంది. గడ్డిమొలకల కొసలకు చిన్న టోపీలు తొడిగితే అవి వెలుగువైపు వంగలేదు. కొస వదిలేసి కింది భాగం కప్పితే వంగాయి. అంటే వెలుగును పట్టేది కొస, వంగేది దాని కిందిభాగం. పెద్ద తరగతుల పిల్లలు వుంటే, చాక్లెట్టు మీది వెండిరంగు కాగితంతో టోపీలు చేసి, అప్పుడే పొడుచుకొస్తున్న గోధుమ మొలకలకు తొడిగి చూడవచ్చు. అంత పెద్ద శాస్త్రవేత్త చేసిన పని మన వంటింట్లో చేశామంటే పిల్లలకు ఎంత హుషారో!

ఇక పువ్వుల పని చాలా తేలిక. తెల్ల చామంతి కాడను ఏటవాలుగా కోసి, మిఠాయిరంగు చిక్కగా కలిపిన నీళ్ళలో పెడితే, ఒక రోజులో రేకుల అంచులకు రంగు ఎక్కుతుంది. నీరు పైకి ఎలా వెళ్ళిందో చెప్పనక్కర్లేదు, కాడను అడ్డంగా కోస్తే రంగు చుక్కలే చెబుతాయి. ఎక్కిన నీరు ఏమవుతుందంటే, కుండీలోని మందారం కొమ్మకు పారదర్శకమైన ప్లాస్టిక్ సంచీ తొడిగి, మూతి దారంతో కట్టండి. గంటా రెండు గంటల్లో లోపల నీటిబొట్లు పడతాయి. ఎండలో ఎక్కువసేపు వుంచితే ఆకులు ఉడికిపోతాయి, చూసిన వెంటనే తీసెయ్యండి.

పిల్లలు కాస్త పెద్దవాళ్ళయితే, "చెట్టు ఏం తిని అంత లావవుతుంది?" అని అడగండి. "మట్టి" అంటారు. పెద్దవాళ్ళలోనూ చాలామంది అదే అంటారు. ఇప్పటి బెల్జియం ప్రాంతంలో వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు ఈ మాటను పరీక్షించాడు. 200 పౌన్ల ఎండు మట్టి తూచి తొట్టిలో పోసి, 5 పౌన్ల విల్లో మొక్క నాటి, అయిదేళ్ళు నీళ్ళు మాత్రం పోశాడు. చెట్టు సుమారు 169 పౌన్లయింది, అంటే దాదాపు 77 కిలోలు. మట్టిలో తగ్గింది రెండు ఔన్సులే. ఆయన పోయాక 1648లో అచ్చయిన పుస్తకంలో ఈ సంగతి వుంది. చెట్టంతా నీళ్ళతోనే తయారయిందని ఆయన తేల్చాడు. మట్టి కాదన్నంతవరకు సరే. కాని ఆకు గాలిలోంచి బొగ్గుపులుసు వాయువును తీసుకుని, ఎండ సాయంతో ఆహారం తయారుచేసుకుంటుందని ఆ తర్వాతివాళ్ళు కనిపెట్టారు. అంత జాగ్రత్తగా తూచినవాడికి కూడా సగమే దొరికింది చూడండి! "నాకు జవాబు తెలియదే" అని మనం సిగ్గుపడవలసిన పనేముంది?

ఇంగ్లీషు రాదని బెంగపడేవారి కోసం ఒక మాట. జగదీశ్ చంద్ర బోస్ పేరు మీరు వినే వుంటారు. మొక్క ఎంత మెల్లిగా పెరుగుతుందో దాన్ని వేల రెట్లు పెంచి చూపించే యంత్రం చేసిన మహానుభావుడు. ఆయన తండ్రి పెద్ద ఉద్యోగి. కలిగినవాళ్ళు పిల్లల్ని ఇంగ్లీషు బడులకు పంపే రోజుల్లో కూడా, కొడుకును ముందు బెంగాలీ బడిలోనే వేశాడు. అక్కడ జాలరివాళ్ళ పిల్లలూ, నౌకర్ల పిల్లలూ పక్కన కూర్చుని పక్షుల గురించి, జంతువుల గురించి, నీళ్ళలో తిరిగే ప్రాణుల గురించి కబుర్లు చెప్పేవారట. ప్రకృతిని చూడాలన్న కోరిక తనకు అక్కడే పుట్టి వుంటుందని బోస్ 1915లో ఒక సభలో చెప్పుకున్నారు. మన మాటల్లో "మొలక", "వేరు", "బద్ద", "చిగురు" అనుకుంటూ నేర్చుకున్నది ఏ భాషలో పరీక్ష రాసినా పనికొస్తుంది.

"మాది మూడో అంతస్తు, పెరడు లేదు, ప్రకృతి ఎక్కడుందండీ?" అంటారేమో. మీ బాల్కనీలో కరివేపాకు కుండీ వుందా? ఆకులు ఎవరో కొరికినట్టు కనిపిస్తే మందు కొట్టకముందు ఒకసారి వంగి చూడండి. పిట్టరెట్టలా నలుపూ తెలుపూ కలిసిన చిన్న పురుగు కనిపిస్తుంది. పెద్దదయ్యేసరికి పచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తలవెనకనుంచి ఎర్రని కొమ్ములు చాపి, ఘాటైన వాసన వదులుతుంది. ఈ పురుగే కొన్నాళ్ళకు నల్లరెక్కల సీతాకోకచిలుక అవుతుంది. వెడల్పు మూతి సీసాలో ఒక పుల్లా, రోజూ తాజా కరివేపాకు రెమ్మా పెట్టి, మూతికి పల్చని గుడ్డ కట్టండి. పురుగు గూడు కట్టాక, సాధారణంగా రెండు వారాల లోపల, ఒక పొద్దుటిపూట రెక్కలు ఆరబెట్టుకుంటూ కనిపిస్తుంది. పిల్లలచేతనే కిటికీలోంచి వదిలిపెట్టించండి. నాలుగు రెమ్మలు తక్కువయితే పోపుకి కొంప మునగదు గదా! సాయంత్రం వీధిలోకి వెళ్ళినప్పుడు చింతచెట్టు ఆకులు ముడుచుకోవడం చూపించండి. పొద్దున మళ్ళీ విచ్చుకున్నాయో లేదో చూసిరమ్మనండి.

కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. గన్నేరు, ఉమ్మెత్త, గురివింద గింజలు, ఆముదం గింజలు - ఇవి విషం. నోట్లో పెట్టుకోకూడదని పిల్లలకు గట్టిగా చెప్పండి. ప్రయోగాలకు కొట్లో అమ్మే రంగు పూసిన విత్తనాలు వద్దు, వాటికి మందు పట్టించి వుంటుంది. వంటింటి గింజలే మేలు. గ్లాసుల్లో నీళ్ళు వారానికి రెండుసార్లు మార్చాలి, లేకపోతే డెంగీ దోమలు గుడ్లు పెడతాయి. గ్లాసులు కడగడం కూడా ప్రయోగంలో భాగమే. మగపిల్లవాడైనా సరే, ఆ పని వాడిచేతే చేయించండి.

నోటుపుస్తకం మరిచిపోకండి. తేదీ, అనుకున్నది, చూసినది, ఒక బొమ్మ - ఇంతే. స్కేలుతో కొలిచి రోజుకెంత పెరిగిందో రాస్తే అది లెక్కల పాఠం. పదింటిలో ఎనిమిది మొలిస్తే నూటికి ఎనభై. శాతాలు ఇంతకంటే తేలిగ్గా ఎవరు నేర్పగలరు? చూసినదాన్ని నాలుగు వాక్యాల్లో రాస్తే అది తెలుగు పాఠం.

"పొద్దున లేచింది మొదలు ఊపిరి సలపదు, ఇంకో పని తగిలిస్తున్నారే" అంటారేమో. రోజుకు పది నిమిషాలు చాలు. కాఫీ డికాక్షన్ దిగేలోపల గ్లాసులు చూడటం అయిపోతుంది. కొలవడం, రాయడం పిల్లల పని. మీ వంతు ఆ ఒక్క ప్రశ్న: "ఇవాళ ఏం మారింది?"

రేపటి పెసరట్టు కోసం ఇవాళ రాత్రి ఎలాగూ పెసలు నానబోస్తారు. రుబ్బేముందు అందులోంచి పది గింజలు పక్కన పెట్టండి. ఏమవుతుందని పిల్లలు అడిగితే, "నాకూ చూడాలనే వుంది, ఇద్దరం కలిసి చూద్దాం" అనండి.